ప్రోమోలో ప్రత్యర్థిని ఎంతవరకు దెబ్బతీయవచ్చు? టైటిల్ మ్యాచ్ తీర్పుపై చర్చ

రెఫరీచొక్కా:
మిత్రులారా, మన ఈ-ఫెడ్‌లో, అంటే మన కుస్తీ రాతల ఆటలో, నిన్న ముగిసిన టైటిల్ మ్యాచ్‌కు తీర్పు చెప్పిన ముగ్గురిలో నేనొకడిని. కొత్తగా చేరినవారి కోసం ముందుగా ఒక మాట. ఇక్కడ ఎవరూ గోదాలోకి దిగరు. ప్రతి ఒక్కరూ ఒక మల్లుడి పాత్రను కల్పించుకుని, ఆ పాత్ర మ్యాచ్‌కు ముందు మైకు పట్టుకుని మాట్లాడినట్లు ప్రోమో రాస్తారు. తీర్పరులు ఆ రాతలను బేరీజు వేసి గెలుపోటములు నిర్ణయించి, మ్యాచ్ ఎలా జరిగిందో కథనంగా రాస్తారు. నిన్నటి 1,500 పదాల పరిమితిలో భైరవ్ ప్రోమో దాదాపు వెయ్యి పదాలను గోతం గోవిందును చీల్చి చెండాడడానికే వెచ్చించింది. గోవిందు ప్రోమో భైరవ్ ఎంత ప్రమాదకరమైనవాడో చెప్పి, అయినా తాను ఎందుకు దిగుతున్నాడో వివరించింది. 2-1 తేడాతో బెల్టు భైరవ్‌కు వెళ్లింది. గోవిందుకు పడిన ఆ ఒక్క ఓటు నాది. మంచి ప్రోమో ప్రత్యర్థిని పడగొట్టాలా, నిలబెట్టాలా అన్న విషయంలో తీర్పరులకే ఏకాభిప్రాయం లేనప్పుడు రాసేవారికి మేము ఏమి చెప్పగలము? మీ అభిప్రాయాలు తెలియజేయండి.

మూడోతాడు:
భైరవ్ పాత్రను రాసేది నేనే కాబట్టి ముందుగా నేనే సమాధానం చెబుతాను. ప్రోమో అనేది సవాలు. సవాలు విసిరేవాడు ఎదుటివాడికి హారతి పట్టడు. 2011 జూన్ 27న లాస్ వేగస్‌లో అమెరికన్ మల్లుడు సీఎం పంక్ స్టేజీ మీద మఠం వేసుకుని కూర్చుని మాట్లాడిన ప్రోమోను మనలో చాలామంది ఈనాటికీ కొలమానంగా పెట్టుకుంటాము. అతడు తన ప్రత్యర్థి జాన్ సీనాను, తమ కుస్తీ కంపెనీ యజమానిని, చివరికి చూస్తున్న ప్రేక్షకులను కూడా వదలలేదు, మైకు ఆపివేసేవరకు ఎక్కడా తగ్గలేదు. ప్రత్యర్థి గతంలో ఓడిన మ్యాచ్‌లు, చెప్పిన గొప్పలు, మార్చిన మాటలు అన్నీ చదివి, వాటిలో సందు వెతికి అక్కడ కొట్టడమే అసలైన శ్రమ. గోవిందు గురించి నేను రాసిన వెయ్యి పదాల వెనుక అతని 14 పాత ప్రోమోలను చదివిన నాలుగు రాత్రులు ఉన్నాయి. దానిని తిట్టుగా చూడవద్దు, ప్రత్యర్థి రాతకు నేను ఇచ్చిన గౌరవంగా చూడండి.

పాతపట్టీ:
గోవిందు పాత్ర నాది. మూడోతాడు గారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆయన చూపిన ఉదాహరణే ఆయనకు ఎదురు తిరుగుతుంది. అదే ప్రోమోలో పంక్ సీనాను తాను ద్వేషించడం లేదని, ఇష్టపడతానని కూడా ఆరంభంలోనే చెప్పాడు. అతని కోపం సీనా అనే మనిషి మీదకన్నా, తన ప్రతిభను గుర్తించని వ్యవస్థ మీదే ఎక్కువ. అందుకే మూడు వారాల తర్వాత చికాగోలో వారిద్దరూ తలపడినప్పుడు ఆ మ్యాచ్‌కు అంత బరువు వచ్చింది.

నా దృష్టిలో ప్రోమోకు కొలమానం 1985లో మల్లుడు డస్టీ రోడ్స్ చెప్పిన కష్టకాలపు ప్రోమో. అప్పటికి రిక్ ఫ్లెయిర్ బృందం అతని చీలమండ విరగ్గొట్టింది. ఫ్లెయిర్ ఖరీదైన దుస్తులూ విమానాలూ అని గొప్పలు పోయే ఛాంపియన్, డస్టీ టెక్సస్‌లోని ఒక ప్లంబరు కొడుకు. తిట్టదలిస్తే తిట్టడానికి కావలసినంత ఉంది. కానీ డస్టీ ఏమి చేశాడు? పిల్లలకు తిండి పెట్టలేని జౌళి మిల్లు కార్మికుల గురించి, పని పోయి ఇంటికి వెళ్లే కార్ల ఫ్యాక్టరీ కార్మికుల గురించి చెప్పాడు. ముప్పై ఏళ్లు చాకిరీ చేసిన మనిషి చేతిలో ఒక గడియారం పెట్టి, నీ పని ఇక కంప్యూటరు చేస్తుందని సాగనంపడమే కష్టకాలమని చెప్పాడు. ఆ తర్వాతే, అటువంటి కష్టాన్ని ఫ్లెయిర్ తన ఇంటికి తెచ్చాడన్నాడు. చివర కెమెరా వైపు చేయి చాచి, ఇంట్లో చూస్తున్నవారిని ఆ చేతిని తాకమన్నాడు. అది విన్నవాడికి ఫ్లెయిర్ మీద కోపం దానంతట అదే వస్తుంది. ఎదుటివాడు ఎందుకూ పనికిరానివాడని వెయ్యి పదాలు రాస్తే, అటువంటివాడిని ఓడించినందుకు మీకు దక్కేది ఏమిటి?

డాలస్‌బావ:
రెండు ప్రోమోలూ చదివాను, గోవిందు ప్రోమో నాకు గుర్తుండిపోయింది, కానీ నేనే తీర్పరినైతే భైరవ్‌కే ఓటు వేసేవాడిని.

మూడోతాడు:
డస్టీ రోడ్స్ బేబీఫేస్, అంటే మంచివాడి పాత్ర. నా భైరవ్ హీల్. హీల్‌కు జౌళి కార్మికుల మీద జాలి ఎందుకుంటుంది? మీరు మంచివాడి కొలబద్దతో చెడ్డవాడిని కొలుస్తున్నారు. 1996 జూన్ 23న మిల్వాకీలో స్టీవ్ ఆస్టిన్ ఏమి చేశాడో చూడండి. ఆ సాయంత్రం పెదవి పగిలి ఆసుపత్రికి వెళ్లి కుట్లు వేయించుకుని వచ్చి, కింగ్ ఆఫ్ ది రింగ్ టోర్నీ ఫైనల్లో జేక్ రాబర్ట్స్‌ను ఓడించి, ఆ ముసలి మల్లుడి భక్తిని, అతను నమ్మిన బైబిల్ వాక్యాన్ని, ఆఖరికి అతని తాగుడును కూడా ఎత్తిపొడిచాడు. ప్రత్యర్థిని అతను ఎక్కడ నిలబెట్టాడు? ఆ కొద్ది క్షణాల మాటలతోనే అతని దశ తిరగడం మొదలైంది. ఆ మాటలు టీషర్టుల మీద అచ్చయి దేశమంతా తిరిగాయి.

పాతపట్టీ:
ఆస్టిన్ ఆ మాటలు మ్యాచ్ గెలిచిన తర్వాత చెప్పాడు. మనం చర్చిస్తున్నది మ్యాచ్‌కు ముందు రాసే ప్రోమో గురించి. గెలిచినవాడికి ఉండే అధికారం గెలవబోయేవాడికి ఉండదు.

మూడోతాడు:
ముందా వెనుకా అన్నది ఇక్కడ అప్రస్తుతం. మాట పదునే ప్రశ్న.

పాతపట్టీ:
అప్రస్తుతం కాదు, అదే ప్రస్తుతం. గెలిచాక అన్నమాటకు రుజువు నేల మీద పడి ఉంటుంది. గెలవకముందు అన్నమాటకు రుజువు మనమే తయారుచేయాలి, ఆ తయారీలోనే రచయిత బలం తెలుస్తుంది.

అర్ధరాత్రి_ఆర్పీ:
అయ్యలారా, అసలు సమస్య 1,500 పదాల పరిమితి. దానిని 800కు తగ్గిస్తే ఎవరికీ అవతలివాడి చరిత్ర తవ్వే తీరిక ఉండదు.

పద్యాలపిచ్చి:
నేను కుస్తీ అభిమానినే అయినా పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాడిని, కాబట్టి నాకు తెలిసిన చోటు నుంచి చెబుతాను. రాయబారం ఘట్టంలో కృష్ణుడు కౌరవసభలో చేసేది ప్రోమో కాక మరేమిటి? మా ఊళ్లో ఆ వేషం కట్టినాయన జెండాపై కపిరాజు అని ఎత్తుకోగానే, తెల్లవార్లూ కునికిన ముసలివాళ్లు కూడా లేచి కూర్చునేవారు. గమనించండి, ఆ పద్యంలో దుర్యోధనుడి మీద ఒక్క తిట్టు కూడా లేదు. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్లగుర్రాల వరుస, చేత కోల పట్టి తాను తోలే రథం, దాని మీద నారి సారిస్తున్న అర్జునుడు, ఆ వేళ నువ్వు సంధి అని మొరపెట్టుకున్నా వినేవాడు ఒక్కడూ ఉండడన్న హెచ్చరిక. రేపు జరగబోయేదాన్ని ఈ రోజే కళ్లకు కట్టించాడు. వినేవాడికి భయం ఆ బొమ్మ నుంచి పుడుతుంది. నిలబెట్టడం, పడగొట్టడం అన్న రెండు మాటల మధ్యే తిరుగుతున్న మీ ఇద్దరూ, చూపించడం అన్న మూడవ మాటను పట్టించుకోవడం లేదు.

మూడోతాడు:
పద్యం గురించి మీరు చెప్పినది బాగుంది, దానిని నేను గుర్తుపెట్టుకుంటాను. కానీ ఇక్కడ జరుగుతున్నది సాహిత్య చర్చ కాదని నాకు అనిపిస్తోంది, కాబట్టి సూటిగానే అంటాను. పాతపట్టీ గారు బెల్టు పోగొట్టుకున్నారు. అంతకుముందు వరుసగా ఐదు మ్యాచ్‌లు గెలిచినప్పుడు ఆయన ఏనాడూ తీర్పు పద్ధతిని ప్రశ్నించలేదు. రెండేళ్ల క్రితం నా మొదటి పాత్రను ఇదే వేదికలో ఆయన పాత్ర మూడు వారాలపాటు వెక్కిరించినప్పుడు, ఇదంతా ఆటలో భాగమని నాకు నచ్చజెప్పినవారు కూడా ఆయనే. ఆ పాత్రను నేను మళ్లీ రాయలేకపోయాను. అప్పుడు లేని ధర్మం ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

పాతపట్టీ:
రెండేళ్ల క్రితం నేను చేసినది తప్పయితే, మీరు ఆనాడే చెప్పి ఉండవలసింది; ఈ రోజు చెప్పారు కాబట్టి ఈ రోజే క్షమాపణ కోరుతున్నాను. ఇక బెల్టు గురించి నాకు బాధ లేదు. బాధ ఎక్కడ ఉందో ఇంతవరకు చెప్పకుండా చుట్టూ తిరిగాను, ఇప్పుడు చెబుతాను.

మీ ప్రోమోలో ఈ వాక్యాలు ఉన్నాయి: "గోవిందూ, నీ భుజం మీది గోతంలో మిర్చి ఏనాడూ లేదు, అందులో ఉన్నది ఊక. నీ తండ్రి ఏ యార్డులోనూ ఒక్క టిక్కీ మోయలేదు. మోసింది నువ్వు, ఆ అబద్ధాన్ని." రాతగా చూస్తే అవి గొప్ప వాక్యాలని నేను కూడా ఒప్పుకుంటాను. కానీ గోవిందు తండ్రి నా కల్పన కాదు. మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లు ముఠా కూలీగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోశారు. ఆయన ఇంటికి వచ్చాక చొక్కా విప్పితే గది అంతా ఘాటు నిండి మేము తుమ్ముతూ బయటికి పరుగెత్తేవాళ్లం. ఆయన పోయిన ఏడాదే ఈ పాత్రను మొదలుపెట్టాను. గోవిందు గోతం భుజాన వేసుకుని రింగులోకి రావడం ప్రేక్షకుల కోసం పెట్టిన హంగు కాదు.

భైరవ్ అబద్ధం చెప్పడంతో ఆగి ఉంటే నేను మాట్లాడేవాడిని కాదు, ఎందుకంటే హీల్ అబద్ధాలాడతాడు. తీర్పరులు రాసిన మ్యాచ్ కథనంలో ఏమి జరిగింది? పదకొండవ నిమిషంలో భైరవ్ ఆ గోతాన్ని చింపగానే అందులో నుంచి ఊక రాలింది, వ్యాఖ్యాత నివ్వెరపోయాడు. అంటే భైరవ్ చెప్పినది ఈ ఫెడ్ చరిత్రలో నిజమైపోయింది. నా పాత్ర తండ్రి ఎవరో నన్ను ఒక్కమాట అడగకుండా మరొకరు నిర్ణయించారు. నేను ప్రశ్నిస్తున్నది దానిని.

డాలస్‌బావ:
ఇది నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రెఫరీచొక్కా:
ఆ కథనాన్ని రాసినది నా తోటి తీర్పరి అయినా, ప్రచురించే ముందు చదివి సరేనన్నవారిలో నేనూ ఉన్నాను. గోతం చిరిగి ఊక రాలే దృశ్యం నాకు నాటకీయంగా తోచింది, అది ఎవరి గోతమో ఆలోచించలేదు. ఆస్టిన్, రాబర్ట్స్ ఉదాహరణను కూడా ఈ వెలుగులో మళ్లీ చూడాలి. అక్కడ ఇద్దరూ జీతం తీసుకునే వృత్తి మల్లులు, ఎవరి కథ ఎటు పోవాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఇక్కడ ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క యజమాని ఉన్నాడు, మాకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు. మీరు సరేనంటే కథనంలో ఆ పేరాను తీసివేసి మళ్లీ ప్రచురిస్తాము.

మూడోతాడు:
తీసివేయడానికి నేను ఒప్పుకోను, కారణం చెబుతాను. ఒకసారి ప్రచురించిన షోను వెనక్కి వెళ్లి దిద్దడం మొదలుపెడితే రేపు ప్రతి ఓటమికీ దిద్దుబాటు అడుగుతారు. ప్రత్యర్థి పేజీ మీద పెట్టినదంతా నా సరుకే అన్న మాట మీద కూడా నేను ఇంకా నిలబడే ఉన్నాను. గతంలో పెట్టిన ప్రతి వాక్యానికీ వెనుక ఎవరి కన్నీళ్లున్నాయో అడిగి రాయాలంటే ప్రోమో రాయలేము.

అయితే పాతపట్టీ గారి నాన్నగారి గురించి తెలిసి ఉంటే ఆ వాక్యం రాసేవాడిని కాదు. నిన్నటి నుంచి దానినే చదువుకుంటున్నాను. ఒక దారి తోచింది. వచ్చే షోలో భైరవ్ తన ప్రోమోలో నిజం బయటపెడతాడు: మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ గదిలో గోవిందు గోతాన్ని మార్చినది తానేనని, మిర్చి గోతాన్ని దాచి ఊక గోతాన్ని పెట్టానని, లోకమంతా నమ్మిందని గర్వంగా చెబుతాడు. రాసిన షో రాసినట్లే ఉంటుంది, గోవిందు తండ్రి మోసిన టిక్కీలు ఆయనవిగానే ఉంటాయి, భైరవ్ ఇంతకుముందుకన్నా నీచుడవుతాడు. హీల్‌కు అంతకన్నా కావలసినది లేదు. కానీ నేను మిర్చి యార్డు ఏనాడూ చూడలేదు. ఆ గోతం ఎలా ఉంటుందో, మార్చేవాడికి ఏమి తెలుస్తుందో చెబితే సరిగ్గా రాస్తాను.

అర్ధరాత్రి_ఆర్పీ:
పదాల పరిమితి గురించి ఎవరూ సమాధానం చెప్పలేదు.

పాతపట్టీ:
తీర్పు సరైనదని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు, పాత్ర గతాన్ని దాని యజమానిని అడగకుండా మార్చరాదన్న నియమం రాతపూర్వకంగా వచ్చేవరకు అడుగుతూనే ఉంటాను. కానీ మీరు చెప్పిన దారికి ఒప్పుకుంటున్నాను.

టిక్కీ నలభై కిలోల పైమాటే ఉంటుంది. గోనె మూతిని పురికొసతో కుడతారు. మోసేవారు మెడ మీద మడతపెట్టిన గుడ్డ వేసుకుని, మరొకరు ఎత్తి పెడితే ముందుకు వంగి నడుస్తారు. ఊక గోతం అంత బరువుండదు, కాబట్టి ఆ రాత్రి దానిని భుజానికి ఎత్తుకోగానే గోవిందుకు తేడా తెలియాలి. తెలిసీ ఎందుకు ఊరుకున్నాడన్నది నేను నా ప్రోమోలో చెప్పుకుంటాను. మీరు రాయవలసినది ఒకటుంది. కుట్టు విప్పి చేతులతో మిర్చిని తోడినవాడికి ఎంత కడుక్కున్నా ఆ మంట వెంటనే పోదు. మ్యాచ్ మొదట్లో భైరవ్ పదేపదే అరచేతులను తాళ్లకు రుద్దుకుంటున్నాడని తీర్పరుల కథనంలోనే మూడుచోట్ల ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.