స్టవ్ మంట పసుప్పచ్చగా వస్తాంది, గిన్నెలన్నీ మసి. కొత్తది కొనాల్నా?

కడప_కుర్రోడు:
హాయ్ అందరికీ, బెంగుళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మారతహళ్లికి ఇల్లు మారినాం, నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ. అక్కడ పైప్ గ్యాస్ ఉండె, ఇక్కడ సిలిండర్. స్టవ్ పాతదే తెచ్చుకున్నాం. ఇప్పుడేమో మంట పసుప్పచ్చగా గిన్నె చుట్టూ పైకి లేస్తాంది, సిమ్‌లో పెట్టినా పెద్దగానే ఉంటాది, కుక్కర్ అడుగంతా మసి. పప్పు అడుగంటుతాది, పైన మాత్రం పలుకే. ఉన్నది ఒకటే కిటికీ, యుటిలిటీ వైపు, చలికి మూసే పెడతాం. ఏం చెయ్యాల?

లలితక్క:
తమ్ముడూ, కొత్తదెందుకు, ముందు బర్నర్లు తీసి చూడు. అన్నం గంజి పొంగి అలాగే ఎండిపోయి చిల్లులు మూసుకుపోయుంటాయి, మగపిల్లల ఇళ్లన్నిట్లో ఇదే కథ. రాత్రి వేడినీళ్లలో సబ్బేసి నానబెట్టి పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పూర్తిగా ఆరాకే పెట్టు. ఇక పప్పు అరగంట నానబెట్టుకో, కుక్కర్ విజిల్ ఒకటి రాగానే సిమ్ చేసెయ్, లోపల ఆవిరి నిలబడితే చాలు ఉడికిపోద్ది, పెద్ద మంట పెడితే నీళ్లు తొందరగా ఇగురుతాయి తప్ప పప్పు తొందరగా ఉడకదు. మంట ఎప్పుడూ గిన్నె అడుగు దాటకూడదు.

రెంచి_రాజు:
అక్కా, బర్నర్ సంగతి కరెక్టే కానీ తమ్ముడు పైప్ గ్యాస్ అన్నాడు చూశారా, అసలు తంటా అక్కడుంది. పైపులో వచ్చేది మీథేన్, సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. అంతే ఘనపరిమాణం గ్యాస్‌కి ఎల్పీజీ ఇచ్చే వేడి రెండున్నర రెట్లకి పైనే, అందుకే పైప్ గ్యాస్ స్టవ్‌కి జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే చిన్న ముక్క) చిల్లు పెద్దది పెడతారు. అదే జెట్‌తో సిలిండర్ తగిలిస్తే గ్యాస్ ఎక్కువైపోయి గాలి చాలదు, అప్పుడు మంట పసుపు, మసి, అన్నీ. ఎన్నిసార్లు కడిగినా పోదు. మెకానిక్‌ని పిలిచి ఎల్పీజీ జెట్లు వేయించుకో, రెగ్యులేటర్, ట్యూబ్ కూడా చూపించు. ట్యూబ్ మీద ఏ సంవత్సరంలో తయారైందో అచ్చేసి ఉంటుంది, 5 ఏళ్లు దాటితే మార్చాల్సిందే. జెట్‌లో నువ్వు పిన్ను గుచ్చొద్దు, చిల్లు ఇంకా పెద్దదవుతుంది.

విజయనగరం_అబ్బాయి:
మా రూమ్‌లో కూడా పసుపు మంటేనండి, ఇన్నాళ్లూ ఏం కాలేదు, మరీ అంత భయపెట్టకండి 😀

రెంచి_రాజు:
బ్రో, కిటికీ తీసుంటే ఏం కాకపోవచ్చు. మూసిన గదిలో మంట సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనా ఉండదు రంగూ ఉండదు, తలనొప్పి వికారం వస్తే ఆఫీస్ టెన్షన్ అనుకుంటాం. తమ్ముడూ, చలి సంగతి తర్వాత, వంట చేసేటప్పుడు కిటికీ తెరువు.

లలితక్క:
అయ్యో, ఆ పైప్ గ్యాస్ మాట నేను గమనించలేదు, రాజు చెప్పిందే చెయ్యి తమ్ముడూ. ఇంకోటి, గ్యాస్ వాసనొస్తే లైటు వెయ్యకు, వెలిగే లైటు ఆర్పకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి అసలు పోకు. నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తీసి బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబర్ 1906కి ఫోన్ చెయ్యి. ఎల్పీజీ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, అందుకని కిటికీ ఒక్కటే తీస్తే సరిపోదు, తలుపు కూడా తియ్యాలి. ట్యూబ్ లీక్ అనుమానముంటే సబ్బు నురగ రాయి, బుడగలొస్తే తెలిసిపోద్ది. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులున్నారు, వాళ్లకో దండం.

కడప_కుర్రోడు:
థాంక్స్ అక్కా, థాంక్స్ రాజన్నా. మెకానిక్‌కి ఫోన్ చేసినా, రేపు వస్తానన్యాడు. అంతవరకు ఇండక్షన్ మీద ఉప్మా. పాత జెట్లు ఆయనకే ఇచ్చేయొచ్చా?

రెంచి_రాజు:
ఇవ్వకు, కవర్‌లో వేసి దాచుకో. బెంగుళూరులో ఓనర్లు అద్దె ఎప్పుడు పెంచుతారో, మళ్లీ పైప్ గ్యాస్ ఇంటికే పోవాల్సి రావచ్చు.