సొల్యూషన్ డిజైన్‌లో చేంజ్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ ఎప్పుడు రావాలి? మీ అనుభవాలు చెప్పండి

పటాన్‌చెరు_ప్లానర్

అందరికీ నమస్కారం. మాది టాబ్లెట్లు తయారు చేసే మధ్యస్థాయి ఫార్మా కంపెనీ. కంపెనీ పనులన్నీ నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ ఈసీసీ నుంచి కొత్తదైన ఎస్/4 హానాకి మారుతున్నాం. పాత వెర్షన్‌కి శాప్ మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2027 చివరితో ఆగిపోతుంది కాబట్టి ఇక వాయిదా వేసే వీల్లేదు. ప్రాజెక్ట్ మేనేజర్‌ని నేనే.

బడ్జెట్ మీటింగ్‌లో ఒక్క దగ్గర ఆగిపోయాం. చేంజ్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్‌ని (కొత్త పద్ధతికి మనుషులు అలవాటు పడేలా చూసే మనిషిని) డిజైన్ వర్క్‌షాపుల నుంచే తీసుకుందామని నా ఉద్దేశం. ఇంప్లిమెంటేషన్ చేసే కంపెనీ వాళ్ళు మాత్రం "గో-లైవ్‌కి (కొత్త సిస్టమ్ మొదలయ్యే రోజుకి) రెండు నెలల ముందు వస్తే చాలు, ట్రైనింగ్, మెయిళ్ళు, పోస్టర్లు చూసుకుంటారు" అంటున్నారు. మా ఫైనాన్స్ హెడ్ గారు "డిజైన్ చేసేది శాప్ తెలిసినవాళ్ళు కదా, శాప్ రాని మనిషికి ఎనిమిది నెలల ఫీజు ఎందుకు?" అని అడిగారు. నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. పుస్తకాల్లో ఉన్నది కాదు, మీ కళ్ళతో చూసింది చెప్పండి.

స్టోర్స్_రాజు

అన్నా, పధ్నాలుగేళ్ళుగా ఫార్మా స్టోర్స్‌లోనే ఉన్నాను. ఇలాంటి ప్రాజెక్టులు రెండు చూశాను. మొదటిదాని సంగతి చెప్తాను, కంపెనీ పేరు వద్దు.

డిస్పెన్సింగ్‌లో (బ్యాచ్‌కి కావాల్సిన మెటీరియల్ తూచి ఇచ్చే చోట) ప్రతి డ్రమ్మునీ బార్‌కోడ్ స్కాన్ చేయాలని డిజైన్ చేశారు. మంచిదే, ఒక మెటీరియల్ బదులు ఇంకోటి తూచే ప్రమాదం తప్పుతుంది. కానీ ఆ డిజైన్ అంతా ఆఫీసు బిల్డింగ్‌లో, కాన్ఫరెన్స్ రూములో అయిపోయింది. స్టోర్స్ తరఫున మా మేనేజర్ గారు కూర్చున్నారు. ఆయన డిస్పెన్సింగ్ బూత్‌లో అడుగుపెట్టి అప్పటికి ఏళ్ళయింది. లోపల మేం రెండు జతల గ్లవ్స్ వేసుకుంటాం. స్కాన్ అయ్యాక టచ్‌స్క్రీన్ మీద 'కన్ఫర్మ్' నొక్కాలి. ఆ గ్లవ్స్‌తో మూడుసార్లు నొక్కితే ఒకసారి పడేది. పైగా లేబుల్ ఉండేది డ్రమ్ము మూత మీద. మూత తీసి పక్కన పెట్టాకే కదా మెటీరియల్ తూచేది!

గో-లైవ్ అయిన పది రోజులకే మావాళ్ళు ఒక దారి వెతుక్కున్నారు. లేబుళ్ళు ఇంకో ప్రింటు తీసి, ఒక కాగితం మీద వరసగా అంటించి గోడకి పెట్టుకున్నారు. గోడ మీద స్కాన్ చేసినా సిస్టమ్ ఓకే అంటుంది. ఏ పొరపాటు జరక్కూడదని స్కానింగ్ పెట్టారో అదే పొరపాటుకి తలుపు తెరుచుకుంది. ఇది డేటా ఇంటిగ్రిటీ (రికార్డులో ఉన్నది నిజంగా జరిగిందే అవ్వాలన్న) విషయం, ఫార్మాలో దీనికంటే పెద్ద టెన్షన్ లేదు. ఇంటర్నల్ ఆడిట్‌లో క్యూఏ (క్వాలిటీ విభాగం) పట్టుకుంది, ముగ్గురికి మెమోలు వచ్చాయి. ఆ ముగ్గురూ పని ఎగ్గొట్టే రకం కాదు. తెల్లారేలోపు ఎనిమిది బ్యాచ్‌లకి మెటీరియల్ తూచి పంపాల్సినవాళ్ళు. ఇప్పటికీ ఆ మెమోలు గుర్తొస్తే నాకు బాధేస్తుంది.

చేంజ్ మేనేజ్‌మెంట్ మేడమ్ ఒకావిడ గో-లైవ్‌కి మూడు వారాల ముందు వచ్చారు. ట్రయల్ రన్‌లో ఒక్క షిఫ్టు మాతో నిలబడి చూసి, "ఇది ట్రైనింగ్‌తో పోయేది కాదు, డిజైనే మార్చాలి" అని రాసిచ్చారు. డిజైన్‌కి సైన్ ఆఫ్ (ఆమోదం) అయిపోయింది, ఫేజ్ టూలో చూద్దాం అన్నారు పైవాళ్ళు. నేనున్నంత కాలం ఫేజ్ టూ మొదలవలేదు.

రెండో కంపెనీలో కన్సల్టెంట్ డిజైన్ మొదలైన రెండో వారంలోనే వచ్చి మూడు రాత్రులు మా షిఫ్టులో ఉన్నారు. ఆయన చెప్పాక మారినవి రెండే: డ్రమ్ము ఒంటికి కూడా లేబుల్ అంటించడం, కన్ఫర్మ్‌కి స్కానర్ మీదున్న బటన్ వాడటం. అక్కడ గోడ మీదికి కాగితం రాలేదు.

ఎబాప్_చందు

రాజు గారు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు కూడా చెప్పాలి, డెవలపర్‌గా ఆ బరువు మోసినవాణ్ణి.

మా ప్రాజెక్టులో చేంజ్ కన్సల్టెంట్ మొదటి రోజు నుంచే ఉన్నారు. ప్రతి యూజర్ ఏం అడిగితే అది రాసుకుని మా ముందు పెట్టేవారు. "పాత రిపోర్టులాగే ఉండాలి", "పాత స్క్రీన్‌లాగే ఉండాలి" ఇవే ఎక్కువ. కాదంటే "యూజర్లు ఒప్పుకోరు" అనేవారు. చివరికి స్టాండర్డ్ సిస్టమ్ మీద పాత సిస్టమ్‌నే మళ్ళీ కట్టాం. ఇప్పుడు ప్రతి అప్‌గ్రేడ్‌కీ రాత్రుళ్ళు కూర్చునేది మేమే.

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 2011లో మొదలుపెట్టిన శాప్ ప్రాజెక్టుని 2018లో ఆపేశారు. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చాయి. స్టాక్ విలువని వాళ్ళు కొన్న ధర మీద లెక్కగట్టేవారు, స్టాండర్డ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ధర మీద లెక్కగడుతుంది. తమ పద్ధతి వదులుకోలేక సాఫ్ట్‌వేర్‌నే మారుస్తూ పోయారు. అందరి మాటా వినే మనిషిని డిజైన్‌లో కూర్చోబెడితే మనమూ అటే పోతామేమో అని నా భయం.

మార్పు_మాధవి

తొమ్మిదేళ్ళుగా నా పని ఇదే, అంతకుముందు శాప్‌లో కొనుగోళ్ళు, స్టాక్ చూసే ఎంఎం భాగానికి ఫంక్షనల్ కన్సల్టెంట్‌ని. చందు గారూ, మీరు చెప్పిన కన్సల్టెంట్ చేసింది అర్జీలు మోయడం. అది మా పని కాదు. యూజర్ కాదన్నప్పుడు అది డిజైన్ లోపమా, అలవాటు వదల్లేకపోవడమా అని విడదీసి చెప్పడం మా పని. నేను వాడే పద్ధతి చాలా సాదాది. "చూపించండి" అంటాను. రాజు గారి మనుషులైతే బూత్‌లోకి తీసుకెళ్ళి గ్లవ్స్‌తో నొక్కి చూపిస్తారు. అది లోపం. చూపించడానికి ఏమీ లేక "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అంటే చాలాసార్లు అలవాటే, దానికి కోడ్ రాయక్కర్లేదు. ఇక లిడ్ల్‌లో వచ్చిన ప్రశ్న (పద్ధతి మార్చుకుంటామా, సాఫ్ట్‌వేర్ మారుస్తామా) స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో తేలేది కాదు. మొదటి నెలలోనే యాజమాన్యం ముందు పెట్టి జవాబు రాబట్టాలి. అది రాబట్టే బాధ్యత కూడా మాదే అనుకుంటాను.

ప్లానర్ గారూ, మీ ఫైనాన్స్ హెడ్ గారి ప్రశ్న న్యాయమైనదే. నేను స్క్రీన్లు గీయను, కాన్ఫిగరేషన్ చేయను. ప్రతి నిర్ణయం దగ్గరా "ఇవాళ ఈ పని ఎవరు చేస్తున్నారు, రేపు ఎవరు చేస్తారు, ఆ ఇద్దరిలో ఎవరైనా ఈ గదిలో ఉన్నారా?" అని అడుగుతాను. ఒక చోట పర్చేజ్ అప్రూవల్స్ అన్నీ ప్లాంట్ హెడ్ దగ్గర్నుంచి హెడ్ ఆఫీసు వర్క్‌ఫ్లోకి మార్చారు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఆదివారం అర్ధరాత్రి బాయిలర్ ఫీడ్ పంపు సీల్ పోతే? అప్పటిదాకా ప్లాంట్ హెడ్ ఒక్క ఫోన్ చేసి తెప్పించేవారు. కొత్త డిజైన్‌లో ఆ దారే లేదు. అత్యవసరమైతే 50 వేల రూపాయల దాకా ఆయనే ఓకే చేసి, 48 గంటల్లో పైవాళ్ళ ఆమోదం తీసుకునేలా మార్పించాం. ఆయనకి ఇంకో బాధ కూడా ఉండేది. ఇరవై ఏళ్ళుగా తన సంతకంతో నడిచిన పని చేజారిపోతోంది. దాన్ని ఏ డిజైనూ తీర్చదు, ఎండీ గారే వచ్చి ఆయనతో కూర్చుని మాట్లాడారు.

మా రంగంలో ఆడ్‌కార్ అని ఒక పద్ధతి ఉంది. మనిషి మారాలంటే మార్పు ఎందుకో తెలియాలి, కావాలనిపించాలి, ఎలాగో నేర్చుకోవాలి, చేయగలగాలి, ఆ తర్వాత అది నిలబడాలి. ట్రైనింగ్ ఇచ్చేది మూడోది మాత్రమే. రాజు గారి స్టోర్స్‌లో మూడోది ఉంది, నాలుగోది లేదు. లేకుండా చేసింది డిజైనే. రెండు నెలల ముందు వచ్చినవాళ్ళు దాన్ని ఎలా సరిచేస్తారు?

షాప్‌ఫ్లోర్_హెచ్ఆర్

ఇది ఎప్పుడో తేలిన విషయం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం మారియన్‌లో హార్వుడ్ అనే పైజమాల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ చేసిన ప్రయోగం గురించి లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ 1948లో రాశారు. కుట్టుపని పద్ధతి మార్చాల్సొచ్చినప్పుడు ఒక గుంపుకి నిర్ణయం అయిపోయాక చెప్పారు. ఇంకో గుంపు తరఫున ప్రతినిధులు కొత్త పద్ధతి తయారీలో కూర్చున్నారు. మిగతా గుంపుల్లో అందరూ పాల్గొన్నారు. మొదటి గుంపులో 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు, పని వేగం పడిపోయి మళ్ళీ లేవలేదు. అందరూ పాల్గొన్నచోట త్వరగా కోలుకుని పాత వేగాన్ని దాటారు. నన్ను కదిలించింది ఆ తర్వాతి భాగం. మొదటి గుంపులో మిగిలినవాళ్ళనే కొన్నాళ్ళకి అందరూ పాల్గొనే పద్ధతిలో ఇంకో పనికి మారిస్తే వాళ్ళూ బాగా చేశారు. మనుషులు వాళ్ళే!

ఇదీ చెప్పాలి: నార్వేలో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో ఇలాగే చేసి 1960లో రాశారు, అక్కడ ఉత్పత్తిలో పెద్దగా తేడా రాలేదు. అక్కడి కార్మికులకి మాట చెల్లిన విషయాలు తక్కువ. వర్క్‌షాపులో కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపితే మన దగ్గరా అంతే.

డల్లాస్_డాక్టరమ్మ

ఆసుపత్రుల్లోనూ ఇదే కథ. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రిలో డాక్టర్లు కంప్యూటర్‌లోనే ఆర్డర్లు రాసే సిస్టమ్ పెట్టి, వందల మంది డాక్టర్లు ఎదురుతిరగడంతో 2003 జనవరిలో ఆపేశారు. సెకన్లలో రాసే ఆర్డర్‌కి నిమిషాలు పడుతున్నాయన్నది వాళ్ళ ఫిర్యాదు. ఇది మా రంగంలో ఇప్పటికీ పాఠంలా చెప్పుకుంటారు.

మా ఆసుపత్రిలో సిస్టమ్ మార్చినప్పుడు నన్ను డిజైన్ టీమ్‌లో వేశారు. వారానికి ఒక పూట నా క్లినిక్ తగ్గించి, ఆ గంటలకీ జీతం ఇచ్చారు. దానికోసం పట్టుబట్టింది చేంజ్ కన్సల్టెంటే. ఖాళీ ఉన్నప్పుడు రమ్మంటే ఖాళీగా ఉన్నవాళ్ళే వస్తారు, పని తెలిసినవాళ్ళు రారు.

పల్లె_బ్రాంచి

బ్యాంకు క్లర్కుని. మా విలీనం అప్పుడు స్టాఫ్‌కి ట్రైనింగ్ బాగానే ఇచ్చారు. పాస్‌బుక్కే లోకంగా బతికే పెద్దవాళ్ళ గురించి డిజైన్ గదిలో ఎవరూ మాట్లాడినట్టు లేదు. పాత పుస్తకం కొత్త ప్రింటర్లో పట్టలేదు. వారం పాటు చేత్తో రాసిచ్చాను. కౌంటర్ అవతలి మనిషి గురించి కూడా అడిగే కన్సల్టెంట్‌ని పెట్టుకోండి.

పటాన్‌చెరు_ప్లానర్

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ ఫైనాన్స్ హెడ్ గారికి రాజు గారి గోడ కాగితం సంగతి చెప్పాను. ఆయన వెంటనే క్యూఏ హెడ్‌ని పిలిచి "మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?" అని అడిగారు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు.

కన్సల్టెంట్ మొదటి వారం నుంచే వస్తారు. స్టోర్స్, ప్రొడక్షన్ నుంచి ఇద్దరిద్దరు ఆపరేటర్లు వర్క్‌షాపుల్లో ఉంటారు, ఆ రోజులకి వాళ్ళ ఓటీ పోకుండా చూస్తాం. చందు గారి మాట కూడా రాసుకున్నాం. స్టాండర్డ్ దాటి మార్చాలంటే 'చూపించిన' కారణం ఉండాలి, సంతకం ఎండీ గారిది.

రాజు గారూ, కన్సల్టెంట్‌ని డిస్పెన్సింగ్‌కి ఏ వేళకి పంపమంటారు?

స్టోర్స్_రాజు

రాత్రి రెండింటికి పంపండి అన్నా. మొదటి రెండు బ్యాచ్‌లు అందరూ రూల్ ప్రకారమే చేస్తారు, కొత్త మనిషి చూస్తున్నారని ఇంకా జాగ్రత్తగా చేస్తారు. ఆ తర్వాత అలసట వస్తుంది, అప్పుడు కనిపిస్తుంది అసలు పని. ముందే గౌనింగ్ (లోపలికి వెళ్ళే దుస్తులు, గ్లవ్స్ వేసుకునే) ట్రైనింగ్ ఇప్పించి క్యూఏ దగ్గర పర్మిషన్ తీసుకోండి, లేకపోతే గేటు దగ్గరే ఆగిపోతారు. మూడు రాత్రులూ పంపండి. మొదటి రాత్రి మావాళ్ళు నోరు విప్పరు.