అప్‌డేట్: సంతాప లేఖలో చివరికి ఏ మాట రాశానంటే

లండన్‌లో ఉండే మా సహోద్యోగిని తల్లి మరణించినప్పుడు ‘ఐ యామ్ శాడ్’ అని రాయవచ్చా అని గత వారం నేను అడిగిన ప్రశ్నకు జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ‘శాడ్’ అన్నది ప్రయాణం రద్దయినా, చావు కబురు విన్నా వాడే సాధారణమైన మాట అనీ, ఆత్మీయులను పోగొట్టుకున్న వారి లోపలి వేదన ‘గ్రీఫ్’ అనీ, దానిని బయటికి పాటించడం ‘మోర్నింగ్’ (పలకడానికి అచ్చం ఉదయమే!) అనీ మీరు చెప్పిన తేడా నాకు ఎంతో ఉపయోగపడింది. తర్వాత నిఘంటువు తిరగేస్తే, ‘గ్రీఫ్’ బరువు అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చిందనీ, ‘బిరీవ్‌మెంట్’ (ఆత్మీయులను కోల్పోవడం) వెనుక దోచుకోవడమనే పాత అర్థం ఉందనీ తెలిసింది. మనం ‘గుండె బరువెక్కింది’ అనడం వెంటనే గుర్తుకొచ్చింది. ‘సారీ’, ‘సారో’ (దుఃఖం) మాత్రం అక్కచెల్లెళ్లలా కనిపించినా వేర్వేరు మూలాల నుంచి వచ్చినవట.

చివరికి ‘ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’ అని రాసి, ఆవిడ తల్లి ఒకసారి మాకు పంపిన కేకు గురించి ఒక వాక్యం చేర్చాను. ‘సారీ’ అంటే క్షమాపణ అనుకుంటారేమోనన్న నా జంకు అనవసరమే అయింది. ‘కండోలెన్సెస్’ (సంతాపం) అన్న లాంఛనమైన మాటను కార్యాలయం తరఫున పంపిన కార్డుకు వదిలేశాను. నిన్న ఆమె జవాబు వచ్చింది: కేకు గురించిన వాక్యాన్ని తన తండ్రికి చదివి వినిపించిందట.