బంకమట్టి మీద వేసిన పోర్టికో కాంక్రీటు రెండోసారి లేచింది: పగలగొట్టాలా, ఆగాలా?

ప్రశ్న: విల్లివాక్కం నివాసి

చెన్నైలో విల్లివాక్కంలో మేము 2011లో ఇల్లు కట్టుకున్నాము. గేటు నుంచి పోర్టికో దాకా, కారు నిలిపే జాగాలో, 11 మీటర్ల పొడవున, మూడున్నర మీటర్ల వెడల్పున నాలుగంగుళాల మందంతో కాంక్రీటు వేయించాము. మూడో ఏటికే అది అడ్డంగా బీటలు వారింది. 2018లో దానిని పగలగొట్టించి, ఈసారి అయిదంగుళాల మందంతో, లోపల 8 మి.మీ. కమ్మీలు అల్లించి మళ్లీ వేయించాము. రెండు వానాకాలాలు చక్కగా గడిచాయి. ఆ తరువాత మధ్యలో మళ్లీ బీట పడింది. ఇప్పుడు బీటకు ఇంటివైపు ఉన్న అంచుకన్నా గేటువైపు అంచు 15 మి.మీ. ఎత్తుగా ఉంది. దానితో వాననీరు వీధిలోకి పోవడం మాని మా గడపవైపు వస్తోంది. నాకు వింతగా తోచినది ఏమిటంటే, ఈ ఎత్తుపల్లం వేసవిలో చాలావరకు సర్దుకుంటుంది, కార్తీకమాసం వచ్చేసరికి మళ్లీ లేస్తుంది.

గేటు పక్కనే వాననీటి ఇంకుడు గుంత ఉన్నది. ప్రహరీకి అవతల పొరుగువారి వేపచెట్టు ఉన్నది. ఇప్పటి కాంట్రాక్టరు మొత్తం పగలగొట్టి ఆరంగుళాల మందంతో, రెండు వరుసల కమ్మీలతో వేద్దామంటున్నాడు. డెన్వర్‌లో ఉన్న మా బావమరిది మాత్రం, అక్కడ ఇటువంటి మట్టిలోనే గాలి బుడగలు పట్టించిన కాంక్రీటు వాడతారని, అది లేకపోతే ఎన్నిసార్లు వేసినా దండగేనని ఫోనులో పట్టుబడుతున్నాడు. మూడోసారి డబ్బు పోసే ముందు అనుభవజ్ఞుల మాట వినాలనుకుంటున్నాను.

జవాబు: పెరంబూరు విశ్రాంత ఇంజనీరు

అయ్యా, వేసవిలో దిగి కార్తీకంలో లేస్తోందన్న మీ ఒక్క మాటతోనే సగం సంగతి తేలిపోయింది. బరువుకు కుంగిన కాంక్రీటు పలక తనంతట తాను తిరిగి లేవదు. ఏడాదికొకసారి లేచి దిగుతున్నదంటే, కింద ఉన్న బంకమట్టి ఈశాన్య రుతుపవనాల నీరు తాగి ఉబ్బుతోంది, ఎండలకు ఆరి ముడుచుకుంటోంది అని అర్థం. చెన్నైలో తీరం వెంబడి ఇసుక, గిండీ, వేళచ్చేరి వైపు రాయి తగులుతాయి. విల్లివాక్కం, కొళత్తూరు, పెరంబూరు, అణ్ణానగర్, పశ్చిమ మాంబళం ప్రాంతాల్లో బంకమట్టే ఎక్కువ. తమిళులు దీనిని కళిమణ్ అంటారు. మన రాయలసీమ నల్లరేగడికి ఇది దగ్గరి చుట్టమే.

ఇక ఆరంగుళాల మందం సంగతి చూద్దాము. ఆ మందంలో చదరపు మీటరు కాంక్రీటు సుమారు 360 కిలోలు తూగుతుంది. బాగా ఉబ్బే మట్టిని కదలనీయకుండా అణచి ఉంచాలంటే చదరపు మీటరుకు 10 టన్నులు, కొన్నిచోట్ల అంతకు మించిన ఒత్తిడి కావాలి. ఒకటి రెండు అంగుళాలు పెంచి ఆ మట్టితో కుస్తీ పట్టడం వృథా. కమ్మీలూ బీటను ఆపవు. పడిన బీట విచ్చుకోకుండా పట్టి ఉంచుతాయి, అదీ పలకలో పై మూడోవంతులో ఉన్నప్పుడు మాత్రమే. మన పనివాళ్లు తొక్కుకుంటూ పోసేటప్పుడు అవి నేలను కరుచుకుని పడుకోవడం నా ఉద్యోగకాలమంతా చూశాను.

పగలగొట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. అర మీటరు లోతునుంచి ఒకటి, ఒక మీటరు లోతునుంచి ఒకటి మట్టి తీసి మట్టిపరీక్షల ల్యాబుకు ఇవ్వండి. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండుమట్టిని పదేసి గ్రాములు రెండు గొట్టాల్లో పోసి, ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో కిరోసిన్ నింపి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కనుక, నీళ్లలో అంతకన్నా ఎంత పెరిగిందో శాతంలో లెక్కకడతారు. ఆ అంకె 50 దాటిన మట్టిని జాతీయ రహదారుల కట్టల్లోనే పోయనివ్వరు.

మీ మట్టి అటువంటిదేనని తేలితే, పలక కింద కనీసం రెండడుగుల లోతు తవ్వి తీసేసి, ఉబ్బని గుణమూ కొంత జిగురూ ఉన్న ఎర్ర గ్రావెల్‌ను 150 మి.మీ. పొరలుగా పోసి, తడిపి, యంత్రంతో దిమ్మిస కొట్టించండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇసుకో, క్వారీ పొడో నింపడం. చుట్టూ బంకమట్టి ఉన్న గోతిలో ఇసుక పోస్తే అది తొట్టి అవుతుంది. వాన నీరంతా అందులో నిలిచి అడుగు మట్టిని నెలల తరబడి నానబెడుతుంది. ఉబ్బని జిగురుమట్టి పొరతో ఉబ్బే మట్టిని అదుపు చేసే పద్ధతిని బొంబాయి ఐఐటీ ఆచార్యులు ఆర్.కె. కట్టి వృద్ధి చేశారు. కాలువల లైనింగుల కింద దానిని విరివిగా వాడారు. మంచి గ్రావెల్ దొరకకపోతే తీసిన మట్టిలోనే బరువులో 3 నుంచి 6 శాతం సున్నం కలిపి తిరిగి పోయవచ్చు, కాని ఇరుకు సందుల్లో దానిని సమంగా కలపడం కష్టం.

నాకు అన్నిటికన్నా అనుమానంగా ఉన్నది మీ ఇంకుడు గుంత. తమిళనాడులో 2003లో వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు బంకమట్టి పేటల్లో కూడా నాలుగడుగుల గుంత తవ్వి, గులకరాళ్లు నింపి, పని అయిందనిపించిన ఇళ్లు అనేకం. ఆ గుంతలో నీరు కిందికి ఇంకదు, పక్కకు పాకుతుంది. మీది గేటు పక్కన ఉన్నది, లేచిందీ గేటువైపు అంచే. గుంతను పూడ్చవద్దు. పలకకు మూడు మీటర్ల దూరానికి మార్చి, పై బంకమట్టి పొర మేరకు చిల్లులు లేని కేసింగు గొట్టం దించి, నీటిని దాని కిందనున్న ఇసుక పొరకు చేర్చండి. వేపచెట్టును మాత్రం కొట్టించమని పొరుగువారిని అడగకండి. ఇన్నేళ్లూ అది వేసవిలో తాగుతున్న నీరు ఒక్కసారిగా మట్టిలోనే మిగిలితే కొత్తచోట్ల ఉబ్బు మొదలవుతుంది.

పలక విషయానికి వస్తే, ఎం25 బలం రకం కాంక్రీటు, నీరు–సిమెంటు నిష్పత్తి బరువులో 0.50 దాటకుండా, అయిదంగుళాల మందం మీకు చాలు. పొడవును మూడు భాగాలు చేసి, వేసిన రోజు రాత్రికో మరునాటి తెల్లవారుజాముకో మందంలో మూడోవంతు లోతున కోత పెట్టించండి, బీట పడినా ఆ కోతలోనే పడుతుంది. ఇంటి గోడకూ స్తంభాలకూ ఆనుకునే చోట 12 మి.మీ. మెత్తని అట్ట పెట్టి విడదీయండి. ఇప్పుడు అందరూ వాడే పీపీసీ (బూడిద వంటివి కలిపిన) సిమెంటుకు, కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం 10 రోజులు నీళ్లు కట్టాలి. మూడు రోజులకే గోనెసంచులు తీసేసేవారిని నమ్మకండి.

జవాబు: అణ్ణానగర్, ఇదివరకు డెన్వర్

మీ బావమరిదిగారు అక్కడికి సరిపడే మాటే చెప్పారు, కాకపోతే అది ఇక్కడికి నప్పదు. మేము డెన్వర్ శివార్లలో పదకొండేళ్లు ఉండి తిరిగి వచ్చాము. అక్కడ కాంక్రీటుకు కింద నుంచి ఒక శత్రువు, పై నుంచి ఒక శత్రువు. కిందిది బెంటోనైట్ కలిసిన ఉబ్బే మట్టి, మీకున్న బాధే. పైది మంచు. కాంక్రీటు రంధ్రాల్లో చేరిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం ఒక్క శీతాకాలంలోనే పదుల సార్లు జరిగి పైపొర పెచ్చులుగా ఊడివస్తుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పులు దానిని ఇంకా తొందర చేస్తాయి. వాహనశాలల ముందూ, దుకాణాల పార్కింగుల్లోనూ ఆ పెచ్చులు చూడని వీధి ఉండదు. గడ్డకట్టే నీటికి ఒదిగే చోటు ఇవ్వడానికే కంటికి కనిపించనంత సన్నని గాలి బుడగలను కాంక్రీటులో పుట్టిస్తారు.

ఆ బుడగలు మట్టి ఉబ్బును అణుమాత్రమైనా ఆపవు. పైపెచ్చు ఒక్కో శాతం గాలికి కాంక్రీటు బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. మన ఐఎస్ 456 కూడా 20 మి.మీ. కంకరకు 5 శాతం, ఒకటి అటూ ఇటూగా, గాలి ఉండాలని చెబుతుంది. కాని అది తడిలో గడ్డకట్టి కరిగే ప్రదేశాలకు, అంటే లదాఖ్ వంటిచోట్లకు. మార్గశిరంలో కూడా ఫ్యాను ఆపని చెన్నైలో దానికి పని లేదు.

డెన్వర్ నుంచి తెచ్చుకోవలసినది నీటి విషయంలో వారికి ఉన్న పట్టుదల. మేడ మీది నీటి గొట్టం గోడ పక్కనే వదలరు, అయిదారు అడుగుల దూరం లాగి వదులుతారు. ఇంటి పునాది నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలు వాలాలని అమెరికా గృహ నిర్మాణ నియమావళే చెబుతుంది. ఇంకొక సంగతి, అక్కడ మాకు మొదటే చెప్పిన హెచ్చరిక: తాపీతో నునుపు చేసేటప్పుడు పైకి తేలిన నీటి మీద సిమెంటు పొడి చల్లవద్దని. ఇక్కడ మన మేస్త్రీలు అదే పనిని నైపుణ్యంగా భావిస్తారు. మంచు లేకపోయినా ఆ పైపొర బలహీనంగానే ఉంటుంది.

జవాబు: అంబత్తూరు వర్క్‌షాపు

మాది ఇంటి పోర్టికో కాదు, సరుకు లారీలు తిరిగే యార్డు. మొదటిసారి మే నెలలో పని లేని వారం చూసి పగలగొట్టించాము. కింద మట్టి వేలు దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చి ఉంటే, గట్టిగా ఉన్నదని మురిసి కాంట్రాక్టరు దాని మీదే పోశాడు, నేనూ మురిశాను. పూర్తిగా ముడుచుకున్న మట్టికి ఇక ఉబ్బడమే మిగులుతుందని అప్పుడు తెలియలేదు. నవంబరులో యార్డు మధ్య అరలు, అంటే కోతల మధ్య పలక భాగాలు, పడవల్లా లేచాయి.

రెండోసారి ఫిబ్రవరిలో, మట్టి అటు బురదా ఇటు పెళుసూ కాని సమయంలో చేయించాము. రెండున్నర అడుగుల గ్రావెల్, పైన పాలిథిన్ పట్టా, 200 మి.మీ. పలక, అరల మధ్య 300 మి.మీ. దూరాన 25 మి.మీ. నున్నని కడ్డీలు, ఒక కొసకు గ్రీజు. ఒక అర మీది బరువు పక్క అరకు అందడానికి లారీలున్న చోట ఆ కడ్డీలు తప్పవు, కారుకు అక్కరలేదు. యార్డును రెండు భాగాలుగా చేయించడం వల్ల పని ఆగలేదు, కాని ఒక్కో భాగం మీదికి 28 రోజుల దాకా లారీని రానీయలేదు.

మీ స్థానంలో నేనుంటే కాంక్రీటు జోలికే పోకుండా, గ్రావెల్ మీద 80 మి.మీ. పేవరు బిళ్లలు పరిపించేవాడిని. లేచినప్పుడు నాలుగు బిళ్లలు తీసి సర్దుకుంటే చాలు.

జవాబు: పెరంబూరు విశ్రాంత ఇంజనీరు

పేవరు బిళ్లల సలహా ఖర్చు దృష్ట్యా బాగున్నది, కాని వాటి సందుల్లోంచి దిగే నీరు నేరుగా బంకమట్టికే చేరుతుంది. అందుకని కింద గ్రావెల్‌ను నీరు నిలవకుండా వీధివైపు వాలుగా దిమ్మిస కొట్టించి, అంచున కాలువ పెట్టించినప్పుడే దానికి నేను ఒప్పుకుంటాను. మే నెల గురించి చెప్పినది అక్షరాలా నిజం.

ప్రశ్న వేసినవారు, మూడు వారాల తరువాత

ల్యాబు వారు అర మీటరు దగ్గర 64, ఒక మీటరు దగ్గర 71 శాతం అని ఇచ్చారు. మట్టి కోసం బీట పక్కన తవ్వినప్పుడు మరో రెండు సంగతులు బయటపడ్డాయి. 2018లో పలక కింద గ్రావెల్ అని చెప్పి నింపినది మా పాత కాంక్రీటు ముక్కలూ ఇటుక ముక్కలూను. వాటి సందుల్లో వాన ఆగిన ఆరు రోజులకు కూడా జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. మేడ మీది నీటిని గుంతకు చేర్చే గొట్టం గేటుకు రెండు అడుగుల ఇవతల భూమిలో విరిగి ఉంది. ఇప్పుడు వెంటనే పగలగొట్టించాలా?

జవాబు: పెరంబూరు విశ్రాంత ఇంజనీరు

ఇప్పుడు వద్దు. ముందు ఆ గొట్టాన్ని బాగుచేయించి, గుంతను మార్పించి, మేడ నీరు పలక కిందికి చేరే దారి మూయండి. బీటకు రెండువైపులా మేకు గుర్తులు పెట్టుకుని, పదిహేను రోజులకొకసారి ఎత్తు తేడాను తేదీతో సహా గోడ మీద రాయండి. నీటి సరఫరా ఆగిన తరువాత ఆ 15 మి.మీ. ఎంతవరకు దిగుతుందో చూసి, ఎంత లోతు తవ్వాలో, ఆ ముక్కల్ని ఎంత మేర తీయించాలో అప్పుడు నిర్ణయిద్దాము. ఫిబ్రవరి మొదటి వారంలో అంకెలు ఇక్కడే రాయండి.