మోకాళ్ళలో "గుజ్జు": మృదులాస్థిని అలా రాయొచ్చా?

ప్రశ్న:
ఆరోగ్య వ్యాసాలు తెలుగు చేస్తుంటాను. కార్టిలేజ్ వచ్చినచోట "మృదులాస్థి" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, "గుజ్జు" అని మార్చమంటున్నారు. "గుజ్జు అరిగిపోయింది" అని డాక్టర్లే అంటారు కదా, అభ్యంతరం ఏమిటని అడుగుతున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. తరుణాస్థి అన్నా ఇదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
మీకు మనసొప్పకపోవడంలో న్యాయం ఉందండీ. గుజ్జు నలుగుతుంది, కారుతుంది, అంతేగానీ అరగదు. మోకాలి చిప్ప వెనకా, తొడ ఎముక చివరా ఉండే పొర నున్నగా, గట్టిగా, కాస్త నీలం కలిసిన తెలుపులో ఉంటుంది. మందం సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. బరువులో 65 నుంచి 80 శాతం నీరే, కానీ కొల్లాజెన్ పోగుల అల్లిక ఆ నీటిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మనం నిలబడితే బరువు మోసేది అదే. ఇంటర్ పుస్తకాల్లో దీన్ని కాచాభ మృదులాస్థి అన్నారు. కాచం అంటే గాజు, గాజులా కనిపించేదని. ముక్కు కొస, పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసే చోటు, శ్వాసనాళంలోని 16-20 సగం కడియాలు, అన్నీ ఈ రకమే.

అసలు ఇబ్బంది వేరే ఉంది. మోకాలి దగ్గర మనవాళ్ళు మూడిటినీ గుజ్జనే అంటున్నారు: ఎముక చివరి పొర, కీలులో జిగటగా ఉండే ద్రవం, రెండెముకల మధ్య అర్ధచంద్రాకారపు మెత్తలు (మెనిస్కస్). ఆటల్లో కాలు మెలిపడి చిరిగేది ఈ మూడోది. ఇది తంతుయుత మృదులాస్థి, పోగులు ఎక్కువ. మొదటిది ఏళ్ళ తరబడి అరుగుతుంది. ఎక్స్-రేలో అది కనబడదు, ఎముకల మధ్య ఖాళీ తగ్గితే అరిగిందని ఊహిస్తారు. "గ్యాప్ తగ్గింది" అనే మాట అందుకే వచ్చింది. మూడిటికీ వైద్యం వేరు. అనువాదంలో ఒకే మాట పెడితే చదివినవాడు తనకేం జరిగిందో తేల్చుకోలేడు.

ఇంకొక సభ్యురాలు:
గుజ్జును అంతలా తోసిపుచ్చకండి. ఒకచోట అది లాటిన్‌ మాటకు అచ్చంగా సరిపోతుంది. వెన్నుపూసల మధ్య డిస్కు చుట్టూ తంతుయుత మృదులాస్థి వలయాలు, నడిమధ్య జెల్లీలాంటి పదార్థం ఉంటాయి. దాని పేరు న్యూక్లియస్ పల్పోసస్. పల్పా అంటే గుజ్జే! "డిస్కు జారింది" అంటాం గానీ డిస్కు ఎక్కడికీ జారదు. బయటి వలయం చిట్లి, లోపలి గుజ్జు ఉబికి, పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. అక్కడ "గుజ్జు బయటికొచ్చింది" అని నిస్సంకోచంగా రాయండి.

మొదటి జవాబిచ్చినవారు:
బాగా పట్టుకున్నారమ్మా, ఒప్పుకుంటున్నాను.

తరుణాస్థి సంగతి. సుశ్రుతుడు ఎముకలను ఐదు రకాలు చేశాడు: కపాల, రుచక, తరుణ, వలయ, నలక. ముక్కు, చెవి, మెడ, కంటిగూడుల్లోవి తరుణాలు. ఆయన లెక్కలో ఎముకలు 300 కావడానికి దంతాలనూ (రుచకాలు) వీటినీ కలపడం ఒక కారణం. మలయాళంలో ఇప్పటికీ తరుణాస్థే, తమిళంలో కురుత్తెలుంబు, అంటే లేత ఎముక. పిండంలో చాలా ఎముకల నమూనా ముందు మృదులాస్థిగానే తయారై తర్వాత గట్టిపడుతుంది కాబట్టి, "లేత" అన్నది నాకు "మెత్తన" కన్నా నచ్చుతుంది. అయితే పాఠ్యపుస్తకాల్లో మృదులాస్థి స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చితే గందరగోళమే.

మరొకరు:
మృదు + అస్థి = మృద్వస్థి కదా? యణాదేశ సంధి. మృదులాస్థి తప్పేమో!

మొదటి జవాబిచ్చినవారు:
మృదుల + అస్థి అండీ, సవర్ణదీర్ఘం. రెండూ సాధువులే. కన్నడంలో మృద్వస్థి అనే అంటారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మొదటిసారి వచ్చినచోట "మృదులాస్థి (ఎముక చివరి నున్నటి పొర)" అని రాసి, తర్వాత ఒక్క మాటే వాడతాను. మరి చెవికి? "చెవి ఎముక" అని రాసి ఉంది.

సభ్యురాలు:
చెవి డొప్పలో ఎముకే లేదండీ. అది స్థితిస్థాపక మృదులాస్థి, మడిచి వదిలితే మళ్ళీ నిలబడుతుంది. కింద తమ్మెలో అదీ ఉండదు, కొవ్వూ చర్మమే. డొప్ప పైభాగంలో కుట్టించుకున్న గాయం మానడానికి నెలలు పట్టేది అందుకే: మృదులాస్థిలోకి రక్తనాళాలు వెళ్ళవు. అన్నట్టు, గొంతులో ఉపజిహ్విక కూడా ఈ రకమే. దాన్ని కొండనాలుక అని రాసేస్తుంటారు, జాగ్రత్త. కొండనాలుక పైనుంచి వేలాడే కండ, అందులో మృదులాస్థి లేదు. మింగేటప్పుడు శ్వాసనాళానికి మూత పడేది ఉపజిహ్వికతో.