బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు: పదో తరగతి మార్కులా, ఎంట్రన్సా?

మౌలాలి_మాట:
బాసర ఆర్‌జీయూకేటీలో, అదే మన ట్రిపుల్ ఐటీలో, సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తున్నారు కదా, అది మానేసి ఎంట్రన్స్ పెట్టాలంటాను నేను. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిది), నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్ల చదువు, పైగా క్యాంపస్‌లోనే హాస్టల్. ఇంత పెద్ద అవకాశం ఒక్క పబ్లిక్ పరీక్షతో తేల్చేస్తారా? వందకి ఇరవై ఇంటర్నల్స్, అంటే బడిలోనే వేసే మార్కులు, అవి ఎలా వేస్తారో ఎవరికి తెలియదు? గ్రేడ్లున్న రోజుల్లో ఇంకా ఘోరం. జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ల సగటు) సమానమైతే లెక్కల గ్రేడు చూసేవాళ్లు, తర్వాత సైన్స్, ఇంగ్లీష్, సోషల్, అప్పటికీ తేలకపోతే చివరికి పుట్టిన తేదీ! ముందు పుట్టినోడికి సీటు. ఇదేం మెరిట్ అండీ?

దిల్‌సుఖ్‌నగర్_బాధితుడు:
పెట్టు అన్నా పెట్టు, మర్నాడే మా గల్లీలో 'బాసర స్పెషల్ బ్యాచ్' అని ఫ్లెక్సీ కట్టకపోతే అడుగు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడూ ఒకేసారి మొదలుపెట్టిందే కోచింగ్‌కి డబ్బుల్లేని ఊళ్ల పిల్లల కోసం. మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద అవార్డు, ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన, చిత్తూరు జిల్లా కాటూరు అనే పల్లెటూరి నుంచే వచ్చారు. ఎంట్రన్స్ పెట్టావంటే ఆ సీట్లు కూడా మన సిటీ వాళ్లే ఎగరేసుకుపోతారు, అదీ అసలు సంగతి.

మౌలాలి_మాట:
తమ్ముడూ, 2021లో కరోనాకి పదో తరగతి పరీక్షలు రద్దయితే పాలిసెట్ (పాలిటెక్నిక్ ఎంట్రన్స్) ర్యాంకుతోనే సీట్లిచ్చారు, కొంపలేం మునగలేదు. పాలిసెట్‌లో లెక్కలు అరవై మార్కులు, ఫిజిక్స్ ముప్పై, కెమిస్ట్రీ ముప్పై, అంతా పదో తరగతి సిలబస్సే. కోచింగ్ దేనికి?

ఉప్పల్_టీచరమ్మ:
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇల్లు ఉప్పల్లో, బడి భువనగిరి అవతల. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడతామా, అయిదు దాటిందంటే సగం మంది కిటికీ వైపే చూస్తుంటారు, రోడ్డు మీద హారన్ వినిపించగానే బోర్డు మీద లెక్క సగంలో ఉన్నా సరే సంచులు భుజాన వేసుకుని ఉరుకుతారు. ఆ బస్సు పోతే మళ్లీ బస్సు లేదు. ఈ పిల్లల్ని, పొద్దున్నుంచి రాత్రి దాకా బిట్లు రుద్దించే స్కూళ్ల పిల్లలతో కలిపి ఒకే రోజు, ఒకే పేపర్‌తో కూర్చోబెడతానంటారా? గ్రేడ్లప్పుడు, హాస్టల్ లేని సర్కారు బడుల వాళ్లకి జీపీఏకి 0.4 కలిపేవాళ్లు, ఊరికే కాదు.

మౌలాలి_మాట:
మేడమ్, ఆ 0.4 సంగతే తీసుకోండి. గురుకులం పిల్లలకి అది రాదు. వాళ్లేమైనా కోటీశ్వరుల పిల్లలా?

ఉప్పల్_టీచరమ్మ:
కాదు. కానీ వాళ్లకి రాత్రి చదువుకోవడానికి ఒక చోటు, అడిగితే చెప్పడానికి ఒక సార్ ఉంటారు. మా వాళ్లకి అదీ లేదు.

పాత_పీయూసీ:
అక్కడే ఆరేళ్లు చదివి ఇప్పుడు మాదాపూర్‌లో పనిచేస్తున్నా. మీరంతా గేటు దగ్గరే కొట్టుకుంటున్నారు, లోపలి సంగతి ఎవరూ మాట్లాడరే? 2022 జూన్‌లో పిల్లలు వారం రోజులు ఎండకీ వానకీ గొడుగులు పట్టుకుని మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు, గుర్తుందా? పన్నెండు డిమాండ్లు. రెగ్యులర్ వీసీ (వైస్ ఛాన్సలర్) కావాలి, లెక్చరర్లు కావాలి, లాప్‌టాప్‌లు ఇవ్వాలి, మెస్ బాగుపడాలి, ఇవీ వాళ్ల బాధలు. సీటు ఎలా ఇవ్వాలన్నది వాళ్ల గొడవే కాదు. రాత్రి పూట విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు వచ్చి మాట్లాడితే గానీ లేవలేదు. పూర్తిస్థాయి వీసీ వచ్చేసరికి 2024 అక్టోబర్ అయింది. ఇంకో మాట, తెలుగు మీడియం నుంచి వచ్చినోడికి పీయూసీ మొదటి ఏడాదే గండం. నా రూమ్మేట్ ఫిజిక్స్ పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకునేవాడు, మొదటి చాప్టర్లో అయితే ఖాళీ జాగా మిగల్లేదు. వాడికి లెక్కలు మాత్రం మా అందరికంటే బాగా వచ్చు. ఎంట్రన్స్ పేపర్ ఇంగ్లీష్‌లో ఇచ్చినా తెలుగులో ఇచ్చినా వాడి కష్టం ఆ ఏడాదిదే. ఆ ఏడాది చేయి పట్టుకునే మనిషిని పెట్టండి ముందు.

దిల్‌సుఖ్‌నగర్_బాధితుడు:
ఇదీ మాట! మౌలాలి అన్నా, దీనికేమంటావ్?

మౌలాలి_మాట:
లెక్చరర్లు కావాలంటే వద్దంటానా? దానికీ దీనికీ ముడిపెట్టకండి. 2025లో జీపీఏ తీసేసి మార్కులిచ్చారు కాబట్టి పుట్టిన తేదీల తమాషా తగ్గుతుంది, సరే. ఆ ఇంటర్నల్స్ ఇరవై మాత్రం పక్కన పెట్టండి, రాసిన ఎనభై మీదే మెరిట్ లిస్టు వేయండి, ఎంట్రన్స్ మాట నేను మళ్లీ ఎత్తను. ఏమంటారు టీచరమ్మా, మీ చేతిలో మార్కులే కదా అవి?

ఉప్పల్_టీచరమ్మ:
తీసేయండి, నాకేం నష్టం లేదు, ఆ రికార్డులు రాసే చాకిరీ కూడా తప్పుతుంది. సర్కారు బడి పిల్లలకిచ్చే ఆ అదనం జోలికి మాత్రం రావద్దు.