ఫైల్లో రాసుకున్నది నమ్మాలా, రూటర్‌లో ఉన్నది నమ్మాలా?

టవర్‌క్లాక్, అనంతపురం:
మాది చిన్న ఇంటర్నెట్ ఆఫీసు. టౌన్, కళ్యాణదుర్గం, ఉరవకొండ అన్నీ కలిపి 43 మైక్రోటిక్ కంపెనీ రూటర్లు. ఏ సైటుకు ఏ ఐపీ, ఏ వీలాన్ (ఒకే కేబుల్లో విడిగా నడిచే నెట్‌వర్క్) అన్న డిజైనంతా యామల్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసిపెట్టాను. ఒక్క కమాండ్ కొడితే ఆ వివరాలు ఖాళీల్లో నింపే జింజా టెంప్లేట్ నుంచి ప్రతి రూటర్‌కూ కాన్ఫిగ్ (సెట్టింగులు) తయారవుతుంది. అంతా ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌లో ఉంటుంది. ఇక విన్‌బాక్స్ (మైక్రోటిక్ సెట్టింగులు చేత్తో మార్చే ప్రోగ్రాం) తెరిచి ఎవరూ చెయ్యి పెట్టకూడదు, ఏ మార్పైనా ఫైల్లోనే జరగాలి అంటాను నేను. ఓనరన్న ఒప్పుకోడు. "రాత్రి 11 గంటలకు కస్టమర్ ఫోన్ చేస్తే మనోడు ఫైలు వెతుక్కుంటూ కూర్చోవాలా?" అంటాడు. మీరేమంటారు?

హంద్రీ ఒడ్డు, కర్నూలు:
ఓనరన్న మాటే కరెక్ట్. విన్‌బాక్స్‌లో తప్పు చేస్తే ఒక్క రూటర్ పోతుంది, స్క్రిప్టులో చేస్తే 43 పోతాయి. నేను పాత ఆఫీసులో చూశాను. టెంప్లేట్‌లో, రూటర్‌లోకి ఎవరు రావచ్చో చెప్పే ఫైర్‌వాల్ ఇన్‌పుట్ రూల్స్ వరస తారుమారైంది. మమ్మల్ని లోపలికి రానిచ్చే రూల్ కంటే ముందు అందర్నీ ఆపేసే డ్రాప్ రూల్ వచ్చి కూర్చుంది. కస్టమర్లకు నెట్ నడుస్తోంది, మేము మాత్రం ఏ రూటర్‌లోకీ వెళ్లలేం! రెండు రోజులు బండి మీద టవర్ టవర్‌కూ తిరిగి, కేబుల్ పెట్టి, ఐపీ అక్కర్లేకుండా రూటర్ హార్డ్‌వేర్ నంబరైన మ్యాక్ అడ్రస్ మీద లోపలికి దూరాం. దేనితో దూరాం? విన్‌బాక్స్‌తోనే.

బుగ్గవంక, కడప:
ఏమప్పా హంద్రీ, అన్నిటికీ ఒకేసారి ఎందుకు తోశారు? ముందు ఒకటి, అది బాగుంటే మూడు, ఆ తర్వాత మిగతావి. జునిపర్ రూటర్లలో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అని కొడితే, 10 నిమిషాల్లో మళ్లీ కమిట్ (ఖాయం) చేయకపోతే పాత కాన్ఫిగ్ దానంతటదే వచ్చేస్తుంది. సిస్కోలో పాతకాలం వాళ్లు మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' (పది నిమిషాల్లో రీబూట్ అవ్వు) అని కొట్టేవాళ్లు. సేవ్ చేయలేదు కాబట్టి రీబూట్ అయితే పాతదే లేస్తుంది. మైక్రోటిక్‌లో చేత్తో మార్చేటప్పుడు కంట్రోల్ ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్. సెషన్ తెగిపోతే చేసిన మార్పులు వెనక్కి వెళ్తాయి. స్క్రిప్టుతో చేసేటప్పుడు నేను ముందు బ్యాకప్ తీసి, 10 నిమిషాల తర్వాత దాన్నే లోడ్ చేసేలా షెడ్యూలర్ పెడతాను. మార్పు అయ్యాక లోపలికి వెళ్లగలిగితే ఆ షెడ్యూలర్ తీసేస్తాను, లేకపోతే పని అది చూసుకుంటుంది.

ఇక టవర్‌క్లాక్ తమ్ముడికి. అడంగల్‌లో వేరుశనగ అని ఉంటుంది, పొలంలోకి వెళ్లి చూస్తే కంది ఉంటుంది. నీ యామల్ ఫైలు అడంగల్ లాంటిది. నువ్వేం అనుకున్నావో చెబుతుంది, అక్కడ ఏముందో చెప్పదు.

టవర్‌క్లాక్:
అందుకే కదన్నా విన్‌బాక్స్ వద్దంటున్నది. ఎవరూ పొలంలో దిగకపోతే అడంగల్ తప్పు కాదు.

బుగ్గవంక:
దిగుతారు. రాత్రి 11కి నువ్వే దిగుతావు. ఆపడం కాదు, తెల్లారేసరికి కనబడాలి. రోజూ రాత్రి ప్రతి రూటర్ నుంచి ఎక్స్‌పోర్ట్ (అందులో ఉన్న కాన్ఫిగ్ టెక్స్ట్) తీసి, రెండు ఫైళ్ల తేడా చూపే డిఫ్ కొట్టు. 1974 యూనిక్స్‌లో వచ్చిన కమాండ్ అది, ఈ పనికి ఇప్పటికీ అదే చాలు. కానీ టెంప్లేట్ ఫైలుతో నేరుగా పోల్చకు, చెత్తంతా తేడాగా కనిపిస్తుంది. డిఫాల్ట్‌గా ఉన్నవి ఎక్స్‌పోర్ట్‌లో రావు, వరస కూడా రూటర్ ఇష్టమే. కాన్ఫిగ్ తోసిన వెంటనే తీసిన ఎక్స్‌పోర్ట్‌ను గిట్‌లో దాచుకుని దానితో పోల్చు. ఇంకోటి, ఎక్స్‌పోర్ట్ మొదటి లైన్లో తేదీ, టైం ఉంటాయి. అది కోసేయకపోతే ఏమీ మారకపోయినా రోజూ 43 తేడాలు చూపిస్తుంది. నాలుగు రోజులు చూసి ఐదోరోజు ఎవరూ చూడరు.

కొత్తగా చేరినోడు, ప్రొద్దుటూరు:
అన్నా, గిట్‌లో పెడితే పాస్‌వర్డ్‌లు కూడా వెళ్లిపోవా?

బుగ్గవంక:
వెర్షన్ 7లో మామూలు ఎక్స్‌పోర్ట్ వాటిని దాచేస్తుంది, 'షో-సెన్సిటివ్' అని అడిగితేనే ఇస్తుంది. 6లో తలకిందులు, దాచమని మనమే చెప్పాలి. లేకపోతే పీపీపీఓఈ (కస్టమర్ నెట్ లాగిన్) పాస్‌వర్డ్‌లన్నీ గిట్ హిస్టరీలో కూర్చుంటాయి, తర్వాత ఫైలు తుడిచినా పోవు.

హంద్రీ ఒడ్డు:
సరే, డిఫ్‌కు నేను అడ్డం కాదు. కానీ పొద్దున్నే ఆ తేడాలు ఎవరు చూస్తారు? చూసిన ప్రతి తేడానూ ఫైల్లోకి ఎక్కించాలి, లేదా రూటర్‌లోంచి తీసేయాలి. మా దగ్గర ఉన్నది ఇద్దరం. పొద్దున ఎనిమిదికి ఒకడు రోడ్డు పనుల్లో తెగిన ఫైబర్ దగ్గర ఉంటాడు, ఇంకొకడు ఫోన్లో. కమాండ్ మంచిదే, మనిషి ఏడి? అందుకే మార్పు ఎక్కడ చేసినా రూటర్‌లో ఉన్నదే నిజం అనుకుని, దాని ఎక్స్‌పోర్టే దాచుకుంటే చాలంటాను.

బుగ్గవంక:
అలాగైతే రూటర్ కాలిపోయిన రోజు పాత తప్పులతో సహా మళ్లీ ఎక్కిస్తావు. అది ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియని రూల్స్‌తో సహా.

టవర్‌క్లాక్:
ఫైళ్లు మొదలుపెట్టిన రోజు నుంచీ తోసిన ప్రతిసారీ ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకున్నాను కాబట్టి, నిన్న రాత్రి కొత్తవి తీసి వాటితో డిఫ్ కొట్టి చూశాను. 43లో 17 తేడా. పదహారు కుర్రోళ్లవి.

హంద్రీ ఒడ్డు:
పదిహేడోది?

టవర్‌క్లాక్:
దసరా ముందు ఉరవకొండలో టెంపరరీ అని పెట్టిన రూల్. నాదే.

హంద్రీ ఒడ్డు:
ఓనరన్నకు చెప్పావా?

టవర్‌క్లాక్:
ఇంకా లేదు.